40 దాటాక బ్యాలే: బెంగళూరులో సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఉండే తెలుగువాళ్లు బ్యాలే గురించి పదేపదే అడిగేవి రెండు ప్రశ్నలు. ఈ వయసులో మొదలుపెడితే మోకాళ్లు ఉంటాయా, పోతాయా? దేని తర్వాత ఏది నేర్చుకోవాలి? మొదటిదానికి జవాబు రెండోదాంట్లోనే ఉంది. ముందు పిక్కలు, పాదాలు, తుంటి. తర్వాత బార్, అంటే కమ్మీ పట్టుకుని చేసే సాధన. ఆ తర్వాత సెంటర్, అంటే ఏ ఆధారం లేకుండా గది మధ్యలో చేసేది. గెంతులు అన్నిటికన్నా చివర. ఈ వరస తప్పినప్పుడే ఎక్కువమందికి దెబ్బలు తగులుతాయి.

ఇక్కడ చెప్పేదంతా 40 నుంచి 65 ఏళ్ల మధ్య, డాన్సు అలవాటు లేనివాళ్ల కోసం. కూచిపూడి, భరతనాట్యం చేసినవాళ్లు 6వ భాగం కూడా చదవండి.

1. చేరకముందు: ఇంట్లో నాలుగు కొలతలు

ఒక నోట్‌బుక్ తీసుకోండి. చెప్పులు లేకుండా, గోడ పక్కన నిలబడి ఈ నాలుగూ కొలిచి, తేదీతో సహా రాసుకోండి.

- ఒంటికాలి నిలకడ: ఒక్కో కాలి మీద 10 సెకన్లు, గోడ ముట్టుకోకుండా. రెండు కాళ్ల మీదా నిలబడగలిగితే క్లాసుకు సరిపోతుంది. లేకపోతే రోజూ పళ్లు తోముకునేటప్పుడు సింకు పట్టుకుని సాధన చేయండి.
- పిక్కల బలం: వేళ్ల కొసలతో గోడ తాకుతూ, ఒంటికాలి మీద మడమ పూర్తిగా లేపి దించండి. 20 సార్లు వస్తే బాగుంది. 10 దాటకపోతే ముందు 6 వారాలు ఇదే మీ క్లాసు.
- చీలమండ వంపు: గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకండి. బొటనవేలికీ గోడకీ మధ్య ఎంత దూరం వరకు తాకగలరో స్కేలుతో కొలవండి. 10 సెంటీమీటర్లు మంచి కొలత. బాగా తక్కువ వస్తే మీ ప్లియే (మోకాళ్లు వంచి దిగడం) లోతుగా రాదు. బలవంతంగా దిగితే మడమ లేస్తుంది, లేదా పాదం లోపలికి కుంగుతుంది.
- కుర్చీ పరీక్ష: చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60–64 ఏళ్ల ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 14 కన్నా తక్కువైతే సగటుకు కింద ఉన్నట్టు. 40ల్లో ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువే చేయగలగాలి.

ముందుగా డాక్టరును కలవాల్సినవాళ్లు: గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, తరచుగా తల తిరగడం, మోకాలి లేదా తుంటి మార్పిడి, ఎముకల బోలు జబ్బు ఉన్నవాళ్లు. ఎముకలు బోలుగా ఉంటే నడుం గుండ్రంగా చేసి కిందికి వంగే కదలికలు వద్దని టీచరుకు మొదటిరోజే చెప్పండి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు ప్రతి క్లాసు తర్వాత అరికాళ్లు, వేళ్ల సందులు కళ్లతో చూసుకోవాలి. బొబ్బ లేచినా వాళ్లకు తెలియదు.

2. క్లాసు కన్నా ముందు నేల చూడండి

ఫీజు, దూరం, టీచరు అన్నీ అడుగుతారు. నేల సంగతి అడిగేవాళ్లు తక్కువ. మన వయసుకు అన్నిటికన్నా ముఖ్యం అదే.

బ్యాలే నేల రెండు పొరలుగా ఉండాలి. కింద కొంచెం దిగి లేచే చెక్క, పైన జారని వినైల్ షీటు. కాంక్రీటు మీద అతికించిన వినైల్ చూడటానికి అలాగే ఉంటుంది, పిక్కలకు మాత్రం తేడా తెలుస్తుంది. ట్రయల్ క్లాసుకు వెళ్లినప్పుడు మడమతో గట్టిగా తట్టండి. చెక్క ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. పక్కన ఎవరైనా గెంతుతుంటే మీ పాదాల కింద సన్నటి ఊపు తెలియాలి. ఏమీ తెలియకపోతే అక్కడ బార్ మాత్రమే చేయండి, గెంతులు వద్దు.

ఇంట్లో విట్రిఫైడ్ టైల్స్ మీదా, గ్రానైట్ మీదా ఎప్పుడూ గెంతకండి. మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో చెక్క నేల ఉన్న బ్యాడ్మింటన్ కోర్టు ఉంటే అది చాలా నయం.

టీచరును అడగాల్సినవి:

- ఇది పెద్దవాళ్లకు మొదటి మెట్టు క్లాసేనా, లేక అన్ని స్థాయిలవాళ్లూ కలిసి చేసేదా? రెండోదైతే 6 నెలల తర్వాత వెళ్లండి.
- 75 నిమిషాల క్లాసులో బార్ ఎంతసేపు? మొదటి మూడు నెలలు 45 నిమిషాలకు తగ్గకూడదు.
- ఒక్కో క్లాసులో ఎంతమంది? 12 మంది దాటితే మీ మోకాలు ఎటు పోతోందో చూసే కళ్లు ఉండవు.
- పెద్దవాళ్లకు నేర్పడంలో శిక్షణ ఉందా? లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ 55 దాటినవాళ్ల కోసం సిల్వర్ స్వాన్స్ అనే పద్ధతి నడుపుతుంది. అలాంటి శిక్షణ ఉన్న టీచరు దొరికితే వదలకండి.

ఇక ట్రాఫిక్. అవుటర్ రింగ్ రోడ్డులో గంటన్నర కారులో కూర్చుని, దిగీ దిగగానే బార్ పట్టుకుంటే తుంటి ముందుభాగం బిగుసుకుపోయి ఉంటుంది. పర్పుల్ లైన్ దగ్గర ఉన్న స్టూడియో అయితే మెట్రోలో నిలబడి రండి. ఎలా వచ్చినా 15 నిమిషాలు ముందు చేరండి. డిసెంబరు, జనవరి పొద్దుటి క్లాసులకు 20 నిమిషాలు, సాక్సు, స్వెట్టరుతో సహా.

3. షూస్, బట్టలు

మొదటి క్లాసుకు సాక్సులతో వెళ్లినా పర్వాలేదు. రెండో నెలలో షూస్ కొనండి.

- అరికాలంతా ఒకే తోలు ముక్క ఉన్నవి తీసుకోండి. మధ్యలో తెగి రెండు ముక్కలుగా ఉండేవి పాదాన్ని అందంగా చూపిస్తాయి, కానీ ఒకే ముక్కది వంచడానికి పాదం కష్టపడాలి. మీకు కావలసిన బలం ఆ కష్టంలోంచే వస్తుంది.
- సాయంత్రం, నిలబడి కొలత చూసుకోండి. సాక్సులా అతుక్కోవాలి, వేళ్లు మాత్రం ముడుచుకోకూడదు. ఏళ్ల తరబడి చెప్పులు వేసుకున్న మన పాదాలు ముందు వెడల్పుగా ఉంటాయి. వెడల్పు రకం అడగండి.
- కాన్వాస్ ఉతకవచ్చు. తోలు కొంచెం సాగుతుంది.
- ఎలాస్టిక్ విడిగా వస్తే, షూ మడమ భాగాన్ని లోపలికి మడవండి. మడత పడిన చోటే కుట్టాలి. మడమ వెనక నరం (పిక్కను మడమకు కలిపే అకిలిస్ స్నాయువు) మీదకు వచ్చేలా కుడితే వారంలో ఒరుసుకుపోతుంది.

మోకాలు కనిపించే బిగుతు ప్యాంటు వేసుకోండి. వదులు పైజామాలో మీ తప్పు టీచరుకు కనపడదు.

4. టర్నౌట్: అన్ని తప్పులూ ఇక్కడే పుడతాయి

పాదాలు బయటికి తిప్పి నిలబడటాన్ని టర్నౌట్ అంటారు. ఆ తిప్పు తుంటి కీలులో మొదలవ్వాలి. తుంటి తిరగకుండా పాదాలను మాత్రం లాగి పెడితే తేడా అంతా మోకాలి లోపలి వైపు పడుతుంది, అరికాలి వంపు కుంగుతుంది. నొప్పి ఆరోజు రాదు, మూడో నెలలో వస్తుంది. అందుకే చాలామందికి కారణం అంతుపట్టదు.

బాసింపట్టు వేసుకుని గంటలు కూర్చోగలిగేవాళ్లు నాకు టర్నౌట్ బాగా ఉందనుకుంటారు. బాసింపట్టులో తుంటి ముడిచి ఉంటుంది, ముడిచిన తుంటి తేలికగా తిరుగుతుంది. బ్యాలేలో కాలు నిటారుగా ఉండగా తిప్పాలి. రెండూ వేర్వేరు కొలతలు.

మీ అసలు కొలత తెలుసుకోవడానికి ఇంట్లో నున్నటి టైల్స్ బాగా పనికొస్తాయి:

1. నూలు సాక్సులు వేసుకుని, గోడ పక్కన పాదాలు రెండూ కలిపి, వేళ్లు ముందుకు పెట్టి నిలబడండి.
2. గోడ మీద చెయ్యి ఆనించి, పిరుదుల కింద లోపలి కండరాలతో తొడలను బయటికి చుట్టండి. పాదాలు వాటంతట అవే జారాలి, వాటిని నెట్టకండి.
3. ఆగిన చోట సుద్దముక్కతో గీత గీయండి. అదే మీ మొదటి పొజిషన్.
4. ఇప్పుడు మోకాళ్లు కొంచెం వంచండి. మోకాలిచిప్ప రెండో వేలి మీదకు రావాలి. బొటనవేలి లోపలికి పడితే పాదాలు ఇంకా దగ్గరికి తీసుకోండి.

పాదాల వేళ్లు గడియారంలో 11, 1 అంకెల వైపు చూస్తుంటే మొదలుపెట్టడానికి అది చాలు. ఏడాదికి పదిన్నర, ఒకటిన్నర స్థానాల దాకా వస్తే చాలా మంచి పని చేసినట్టు. తుంటి గుంట ఆకారాన్ని సాధన మార్చలేదు. ఉన్న తిప్పును పట్టి నిలిపే బలం మాత్రం ఏ వయసులోనైనా పెరుగుతుంది.

బలానికి: పక్కకు తిరిగి పడుకుని మోకాళ్లు వంచి, మడమలు కలిపి ఉంచి, పై మోకాలు తెరిచి మూయండి. 12 సార్లు, 3 విడతలు, వారానికి 3 రోజులు. నడుము వెనక్కి దొర్లితే లెక్కలోకి రాదు.

5. బార్ దగ్గర

బార్ ఎత్తు మీ నడుముకు కొంచెం పైన, మోచేయికి కింద ఉండాలి. చెయ్యి శరీరానికి కాస్త ముందు, బొటనవేలితో సహా అన్ని వేళ్లూ పైన ఆనించాలి. బీఎంటీసీ బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు బిగిస్తే మీ బరువును బార్ మోస్తుంది, కాళ్లు నేర్చుకోవు. ప్రతి వరస చివర ఒక్క క్షణం చెయ్యి వదిలి చూడండి. తూలితే బరువు ఎక్కడుందో తెలిసిపోతుంది.

సాధారణంగా వచ్చే క్రమం: ప్లియే, తాండూ, దెగజే, రాన్ ద జాంబ్, ఫాండూ, ఫ్రాపే, దెవలపే, గ్రాండ్ బాత్‌మా. నెమ్మది నుంచి వేగానికి, నేల నుంచి ఎత్తుకు వెళ్లే వరస ఇది. ఆలస్యంగా వచ్చి ప్లియే, తాండూ తప్పిపోతే ఆరోజు కాలు పైకి విసిరే గ్రాండ్ బాత్‌మా చేయకండి.

మొదటి 3 నెలలు మొదటి రెంటి మీదే మనసు పెట్టండి.

*ప్లియే.* గుంజీలు తీసినట్టు చేయడం మొదటి తప్పు. గుంజీల్లో నడుము వెనక్కి పోతుంది, శరీరం ఒక్కసారిగా దిగుతుంది. ప్లియేలో వెన్ను గోడకు ఆనించినట్టు నిటారుగా ఉండి, మోకాళ్లు వేళ్ల దిశలోనే తెరుచుకుంటాయి. 4 లెక్కల్లో దిగి, 4 లెక్కల్లో లేవాలి. బావిలోకి చేద దించేటప్పుడు తాడు ఎలా పట్టి వదులుతామో అలా దిగాలి. అడుగున ఆగకూడదు, దిగడం అయిన క్షణమే లేవడం మొదలవ్వాలి. మడమ లేవబోతున్నట్టు అనిపించిన చోటే మీ హద్దు.

మడమలు లేపి పూర్తిగా కిందికి దిగే గ్రాండ్ ప్లియే మొదటి 6 నెలలు వద్దు. టీచరు చేయిస్తే మీరు సగానికే రెండుసార్లు దిగి లేవండి, సంగీతం సరిపోతుంది. పాదాలు ఎడంగా పెట్టే రెండో పొజిషన్‌లో మడమలు నేల మీదే ఉంటాయి కాబట్టి అక్కడ కొంచెం లోతుకు వెళ్లవచ్చు.

*తాండూ.* పాదాన్ని నేల మీద జరుపుతూ కాలు చాచడం. వెళ్లేటప్పుడు ముందు మడమ లేస్తుంది, తర్వాత అరికాలి మధ్యభాగం, చివరికి వేళ్ల కొసలు మాత్రమే నేలను తాకుతాయి. తిరిగి వచ్చేటప్పుడు సరిగ్గా తలకిందులు: వేళ్లు, వేళ్ల మొదళ్లు, మడమ. నేల మీద చిందిన పిండిని పాదంతో పక్కకు తోస్తున్నంత ఒత్తిడి ఉండాలి. చాలామంది పాదం వెళ్లేటప్పుడు శ్రద్ధగా చేసి, వచ్చేటప్పుడు లాగేసుకుంటారు. బలం పెరిగేది వచ్చేటప్పుడే.

ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు:

- అరికాలు పట్టేయడం: వేళ్లను ముడిచి పట్టుకోవడం వల్ల. వేళ్లను పొడుగ్గా సాగదీయండి. ఇంట్లో వేళ్లు ముడవకుండా అరికాలి వంపును మాత్రం పైకి లాగి 5 సెకన్లు పట్టండి, కాలికి 10 సార్లు.
- పాదం కొడవలిలా లోపలికి వంగడం: చిటికెనవేలి వైపు బిగువు తగ్గడం వల్ల. చీలమండ కదలకుండా మడమను ముందుకు తోయండి. ఈ అలవాటుతో గెంతితే చీలమండ బెణుకుతుంది.
- తుంటి పైకి లేవడం: కాలు ఎత్తు కోసం ఆశపడటం వల్ల. కాలు 45 డిగ్రీలకు దించండి, తుంటి ఎముకలు రెండూ ఒకే మట్టంలో ఉంచండి.
- పిరుదులు బిగించి నడుము కిందికి ముడవడం: దీంతో తుంటి అసలు తిరగదు. పొత్తికడుపును మాత్రం మెల్లగా లోపలికి తీయండి.
- వరస మరిచిపోవడం: ఆన్ క్రువా అంటే ముందు, పక్క, వెనక, పక్క. ముప్పాతిక వరసలు దాని మీదే నడుస్తాయి. టీచరు చూపిస్తున్నప్పుడు చేతులతో గుర్తు పెట్టుకోండి, నోటితో తెలుగులోనే అనుకోండి.

6. కూచిపూడి, భరతనాట్యం చేసినవాళ్లకు

మీకు తాళం, వరస గుర్తుపెట్టుకోవడం, తొడల బలం ముందే ఉన్నాయి. ఇత్తడి పళ్లెం అంచు మీద తరంగం చేసిన పాదాలకైతే ఇంకా మేలు. వదలాల్సిన అలవాట్లు మూడు.

అరమండిలో కూర్చుని నిలుస్తారు, ప్లియేలో నిలవరు. మీకు తెలియకుండానే అడుగున ఆగిపోతారు, దాంతో గెంతు పైకి లేవదు. రెండోది, అడుగు కొట్టడం. బ్యాలేలో పాదం శబ్దం లేకుండా దిగాలి. మూడోది నడుము వెనక వంపు: అరమండిలో ఛాతీ తెరిచి పట్టే వంపు ఇక్కడ కాలు వెనక్కి చాచేటప్పుడు నడుము కింద నొప్పి తెస్తుంది. కింది పక్కటెముకలు మూసి ఉంచండి.

చేతుల్లో ముద్రల బిగువు పోవడానికి కొన్ని నెలలు పడుతుంది. తొందర లేదు.

7. సెంటర్, తిరుగుళ్లు, గెంతులు

సెంటర్‌లో బార్ ఉండదు. తాండూ మళ్లీ కొత్తగా నేర్చుకుంటున్నట్టు ఉంటుంది, అది మామూలే.

పిరొయెట్ అంటే ఒంటికాలి మీద తిరగడం. ముందు పావు తిరుగుడు, తర్వాత సగం, ఆ తర్వాతే పూర్తిది. కళ్లు గోడ మీద ఒక చోట నిలిపి, శరీరం తిరిగాక తల చివర్లో చటుక్కున తిప్పి మళ్లీ అదే చోటు చూడాలి. పడుకుని పక్కకు దొర్లినా గది తిరుగుతున్నట్టు అనిపించేవాళ్లు ముందు చెవి డాక్టరును కలవండి.

గెంతుల అర్హత: ఒంటికాలి పిక్క పరీక్షలో 20, కనీసం 3 నెలల క్లాసులు, పిక్కలో నొప్పి లేకపోవడం. మూడూ ఉంటేనే.

- మొదటి 4 వారాలు: రెండు కాళ్ల మీద చిన్న సోటేలు (గెంతులు) 8, విరామం, మళ్లీ 8. వారానికి రెండు రోజులు, మధ్య 48 గంటలు.
- తర్వాతి 4 వారాలు: 16 చొప్పున రెండు విడతలు.
- ఆ తర్వాత ఒంటికాలి మీద దిగేవి.

దిగడం వేళ్లు, వేళ్ల మొదళ్లు, మడమ క్రమంలో. మడమ నేలను తాకి తీరాలి. తాకకుండా వరసగా గెంతితే పిక్కకూ మడమ వెనక నరానికీ విశ్రాంతి దొరకదు.

కాన్పులైన ఆడవాళ్లలో, నెలసరి ఆగినవాళ్లలో గెంతేటప్పుడు మూత్రం చుక్కలు పడటం చాలామందికి ఉంటుంది. దీన్ని ఎవరూ బయటికి చెప్పరు, నీళ్లు తాగడం మానేసి క్లాసుకు వస్తారు. కటి కండరాల ఫిజియోథెరపీతో చాలామందికి తగ్గుతుంది. గెంతులు ఆపి, ఆ చికిత్స తీసుకుని, తిరిగి మొదలుపెట్టండి.

8. వారం ఎలా ఉండాలి

వారానికి 2 క్లాసులు, 2 రోజులు 25 నిమిషాల బలం పని, మిగతా రోజుల్లో నడక, 1 రోజు పూర్తి విశ్రాంతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, 2 రోజుల కండరాల వ్యాయామం, 65 దాటితే 3 రోజుల నిలకడ సాధన. బ్యాలే చివరిదాన్ని బాగా తీరుస్తుంది. చేతులకు, వీపుకు మాత్రం సరిపోదు. డంబెల్స్‌గానీ రబ్బరు బ్యాండ్‌గానీ తప్పదు.

బలం పని జాబితా, ఒక్కోటి 12 సార్లు, 3 విడతలు:

- మోకాలు నిటారుగా ఉంచి మడమ లేపడం
- మోకాలు కొంచెం వంచి మడమ లేపడం
- వెల్లకిలా పడుకుని నడుము లేపడం
- మెట్టు మీంచి ఒంటికాలితో మెల్లగా దిగడం
- బ్యాండ్‌ను వెనక్కి లాగడం

ఒకేచోట పట్టి సాగదీయడం క్లాసు తర్వాతే, ఒక్కోటి 30 నుంచి 60 సెకన్లు. క్లాసుకు ముందు ఎక్కువసేపు సాగదీస్తే కండరం తాత్కాలికంగా బలం తగ్గి గెంతు మందగిస్తుంది. ముందు కాళ్లు ఊపడం, నడవడం, మడమలు లేపడం చేయండి.

తిండిలో లోటు ఎక్కువగా ప్రొటీన్‌దే. వయసు పెరిగేకొద్దీ కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. 60 కిలోలవాళ్లకు 60 నుంచి 72 గ్రాములు. ఉప్మా, కొబ్బరి చట్నీతో రోజు మొదలైతే అది అందదు. పెసరట్టు, రెండు కోడిగుడ్లు (దాదాపు 12 గ్రాములు), 100 గ్రాముల పనీర్ (సుమారు 18), గుప్పెడు వేరుశనగలు, చిక్కటి పప్పు ఇలా మూడు పూటలకూ పంచండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా పెంచొద్దు. శాకాహారులు బి12, అందరూ డి విటమిన్ ఒకసారి పరీక్ష చేయించుకోండి. భోజనం క్లాసుకు రెండు గంటల ముందు అయిపోవాలి.

9. నొప్పి వస్తే

రెండు మూడు రోజులుండి తగ్గే కండరాల పీకు మామూలే. 10కి 3 మార్కులు దాటని నొప్పి, మర్నాటికి తగ్గితే కొనసాగించవచ్చు. కీలులో గుచ్చడం, వాపు, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే ఆపండి.

- పొద్దున్నే మొదటి అడుగులో మడమ కింద పోటు: గెంతులు ఆపి, పిక్క సాగదీసి, ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోండి.
- మడమ వెనక నరం బిగుసుకుని నొప్పి: పూర్తి విశ్రాంతి కన్నా మెట్టు అంచున మడమను మెల్లగా దించే వ్యాయామం మేలు. 12 వారాల ఓపిక కావాలి.
- మోకాలి లోపలి వైపు నొప్పి: 4వ భాగానికి తిరిగి వెళ్లి సుద్దగీత మళ్లీ గీయండి.
- వెనకనుంచి ఎవరో తన్నినట్టు పిక్క కింద ‘టప్’మనడం: నడవకండి, ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి. నరం తెగి ఉండవచ్చు.

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతున్నప్పుడూ, ఆ తర్వాత కొన్ని నెలల వరకూ ఈ నరం తెగే ప్రమాదం పెరుగుతుంది, 60 దాటినవాళ్లలో మరీ. జ్వరానికో, మూత్రంలో మంటకో ఇవి రాస్తే డాన్సు చేస్తున్నానని డాక్టరుకు చెప్పండి, గెంతులు ఆపండి.

10. ఆరు వారాలకోసారి

1వ భాగంలోని నాలుగు కొలతలూ మళ్లీ తీసి నోట్‌బుక్‌లో పక్కపక్కన రాయండి. పిక్కల లెక్క పెరగకుండా రెండు విడతలు గడిస్తే క్లాసులు పెంచకండి, బలం పని పెంచండి. ప్రతి నాలుగో వారం అన్నీ సగానికి తగ్గించండి.

వేళ్ల కొసల మీద నిలబడేందుకు వేసుకునే పాయింట్ షూస్ గురించి కనీసం రెండు మూడేళ్లు ఆలోచించనక్కర్లేదు. అప్పుడు కూడా ఒంటికాలి మీద 25 రెలెవేలు (మడమ లేపడాలు) నిటారుగా వచ్చి, టీచరు పాదం చూసి సరేనంటేనే కొనండి. ఆన్‌లైన్‌లో కొలత లేకుండా తెప్పించుకోవద్దు.

సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాలు మానేస్తే, తిరిగొచ్చాక మొదటి వారం బార్ మాత్రమే, రెండో వారం సెంటర్, గెంతులు మూడో వారంలో సగం లెక్కతో. ఊళ్లో ఉన్నన్నాళ్లూ అరుగు స్తంభం పట్టుకుని రోజూ మడమలు లేపితే తిరిగొచ్చే దారి ఇంకా దగ్గరవుతుంది.